పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు: మొదటి గంట నుంచి పద్నాలుగో రోజు దాకా ఇంట్లో చేయాల్సినవి

బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయనగానే ఇంట్లో పెద్దవాళ్లు, పక్కింటివాళ్లు, ఫోన్లో చుట్టాలు అందరూ అడిగేది ఒకటే: "ఆగాయా?" రెండో రోజూ అదే, మూడో రోజూ అదే. వినీ వినీ తల్లి మనసంతా ఆపడం మీదే పడిపోతుంది. బిడ్డను చూసుకునేవాళ్లు గంటగంటకూ వేసుకోవలసిన ప్రశ్న వేరు: "పోయిన నీళ్లు తిరిగి లోపలికి వెళ్లాయా?"

పసిపిల్లల్లో నీళ్ల విరేచనాలు ఎక్కువగా వైరస్‌ల వల్ల వస్తాయి. చాలామందికి 5 నుంచి 7 రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఈలోపు ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోంచి పోయే నీరు, దాంతోపాటు పోయే లవణాలు. పది కిలోల బిడ్డ ఒంట్లో నుంచి ఒక లీటరు పోతే అది బరువులో పదో వంతు. పెద్దవాళ్లకు ఒక పూట నీరసంగా గడిచిపోయే జబ్బు, బిడ్డను ఒక్క రోజులోనే పడేసేది అందుకే.

మా బాబుకి ఇది పదకొండో నెలలో వచ్చింది. మే నెల, మా అమ్మావాళ్ల ఊళ్లో ఉన్నాం. సాయంత్రానికి ఎనిమిది సార్లు అయ్యాయి. "పళ్లొస్తున్నాయిలే, మామూలే" అన్నారు ఒకరు. "లంఖణం పరమౌషధం, రెండు పూటలు కడుపు ఖాళీగా ఉంచు, అదే సర్దుకుంటుంది" అన్నారు ఇంకొకరు. నేను వినేశాను, పాలు కూడా తగ్గించాను. రాత్రి తొమ్మిదింటికి చూస్తే బాబు ఏడుస్తున్నాడు కానీ కంట్లో చుక్క నీరు లేదు. ఆ పొడి కళ్ల ఏడుపు నేను మర్చిపోలేను. ఆ వీధిలోనే ఉండే ఏఎన్ఎం గారు, అంటే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త, వచ్చి, పక్కన కూర్చుని, ఓఆర్ఎస్, అంటే పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపే ఉప్పు, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు, స్పూనుతో ఎలా పట్టాలో నేర్పారు. ఆ రాత్రి నేర్చుకున్నదీ, తర్వాత పిల్లల డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇంట్లో ఎవరికీ ఏమీ రాకముందే ఒకసారి చదివి పెట్టుకోండి, ఆ రాత్రి చదివే తీరిక ఉండదు.

ఇవి విరేచనాలేనా, ముందు తేల్చుకోండి

24 గంటల్లో మూడు, అంతకన్నా ఎక్కువసార్లు పల్చగా, నీళ్లలా అయితే విరేచనాలు అంటారు. అయితే తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డలు రోజుకి ఆరేడుసార్లు పసుపుపచ్చగా, పల్చగా పోవడం మామూలే. బిడ్డ హుషారుగా ఉండి, పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతుంటే అది జబ్బు కాదు. రోజూ ఉండేదానికన్నా ఒక్కసారిగా ఎక్కువసార్లు, ఎక్కువ నీళ్లగా మారిందా అన్నదే చూడాలి. ఈ తేడా తల్లికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పళ్లు రావడం వల్ల నీళ్ల విరేచనాలు రావు. పళ్లు వచ్చే ఆరో నెల తర్వాతే బిడ్డ పాకడం మొదలుపెడతాడు, నేల మీదున్నదల్లా నోట్లో పెట్టుకుంటాడు, పైతిండి కూడా అప్పుడే మొదలవుతుంది. క్రిములు అలా లోపలికి వెళతాయి. నింద మాత్రం పళ్ల మీద పడుతుంది. "పళ్లేలే" అనుకుని ఊరుకున్న ఆ ఒక్క పగలే మా బాబు కళ్లు లోపలికి పోవడానికి సరిపోయింది.

బిడ్డ వయసు రెండు నెలల లోపైతే ఇంట్లో ఆగవద్దు. పాలిస్తూనే ఆసుపత్రికి బయల్దేరండి. బాగా బక్కచిక్కిన, కాళ్లు వాచిన, పోషకాహార లోపం ఉన్న పిల్లలకూ అంతే. వాళ్లకు నీరు ఎక్కించే లెక్క వేరుగా ఉంటుంది, అది ఆసుపత్రిలోనే జరగాలి.

ఒంట్లో నీరు ఎంత తగ్గిందో చూడటం

బిడ్డను వెలుతురులో పడుకోబెట్టండి. గదిలో లైటు సరిపోకపోతే వరండాలోకి తీసుకురండి.

మొదట కళ్లు. గుంటలు పడ్డట్టు ఉన్నాయా? అనుమానంగా ఉంటే నిన్నమొన్న ఫోన్లో తీసిన ఫోటోతో పోల్చి చూడండి. ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా? తర్వాత నోరు. మీ వేలు సబ్బుతో కడుక్కుని నాలుక మీద పెడితే తడి తగలాలి. ఏడాది, ఏడాదిన్నర లోపు పిల్లలకు మాడు చూడండి. బిడ్డను నిటారుగా ఎత్తుకున్నప్పుడు, ఏడవనప్పుడు, మాడు గుంటగా లోపలికి పోయి ఉంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. అలా ఉంటే మాడు మీద ఆముదం అద్దడం మన దగ్గర చాలా ఇళ్లల్లో అలవాటు. ఆముదం వల్ల మాడు పైకి రాదు. లోపలికి నీరు వెళ్లాకే వస్తుంది.

చర్మం పట్టి చూసే పరీక్ష ఒకటుంది, అది సరైన చోట చేయాలి. బొడ్డుకీ, పొట్ట పక్క భాగానికీ మధ్యలో, చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య నిలువుగా ఎత్తి పట్టుకుని ఒక క్షణం ఆగి వదలండి. మామూలుగా అయితే వెంటనే సర్దుకుంటుంది. మడత కళ్లకు కనిపించేంతసేపు నిలిచి, మెల్లగా వెళితే నీరు తగ్గింది. రెండు సెకన్లు దాటినా అలాగే ఉంటే చాలా ఎక్కువ తగ్గింది, ఇక ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఇక దాహం. గ్లాసు చూపిస్తే ఆత్రంగా లాక్కుని తాగే బిడ్డకు నీరు తగ్గింది కానీ బిడ్డలో ఇంకా శక్తి ఉంది. గ్లాసు చూపించినా పట్టనట్టు, తాగలేక, మత్తుగా వాలిపోయే బిడ్డే ప్రమాదంలో ఉన్నట్టు. నిద్రపోతున్నాడులే అని లేపకుండా వదిలేయడం ఇక్కడే ప్రాణాల మీదికి తెస్తుంది. పిలిచి, తట్టి, లేపి చూడండి.

మూత్రం లెక్క పెట్టడానికి డైపర్ తీసేసి గుడ్డ లంగోటా కట్టడం మంచిది. డైపర్‌లో విరేచనం, మూత్రం కలిసిపోయి పోశాడో లేదో తెలియదు. ఆరు గంటలు దాటినా మూత్రం పోయకపోతే, పోసినా ముదురు పసుపుగా కొంచెమే వస్తే, పట్టేది చాలడం లేదని అర్థం.

ఓఆర్ఎస్ కొనేటప్పుడు

మందుల షాపులో "ఓఆర్ఎస్ ఇవ్వండి" అంటే రంగురంగుల పెట్టెలో తియ్యటి పానీయం చేతిలో పెట్టిన రోజులు చాలా ఉన్నాయి. వాటి పేర్లలోనే ఓఆర్ఎస్ అని ఉండేది. జబ్బు పడ్డ బిడ్డకు అదే మందనుకుని పట్టిన తల్లిదండ్రులు లెక్కలేనంత మంది. హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే దేశంలో ఆహార ప్రమాణాలు చూసే సంస్థ, ఆహార పానీయాల పేర్లలో, లేబుళ్ల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా ప్యాకెట్ తిప్పి చదవడం మానకండి.

చదవాల్సింది ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒక లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. మొత్తం 20.5 గ్రాములు. రుచి కోసం కలిపేవాటితో ప్యాకెట్ బరువు ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు. ప్యాకెట్ మీద ఈ నాలుగూ ఈ లెక్కలో కనిపిస్తే తీసుకోండి.

గ్లూకోజ్ అంత తక్కువగా ఎందుకు? పేగు గోడలో ఒక ద్వారం ఉందనుకోండి. అందులోంచి ఉప్పు ఒంటరిగా వెళ్లలేదు, చక్కెర చెయ్యి పట్టుకుని వెళుతుంది. ఆ రెండూ లోపలికి వెళితే వాటి వెనకే నీళ్లు వెళతాయి. విరేచనాల్లో పేగు దెబ్బతిన్నా ఈ ద్వారం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్ఎస్ గుట్టంతా ఇదే. చక్కెర అవసరానికి మించితే వ్యవహారం తిరగబడుతుంది. పేగులో మిగిలిన చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగి విరేచనం పెంచుతుంది. 100 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 1.35 గ్రాములైతే, కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ పళ్లరసాల్లో చక్కెర దాదాపు 10 గ్రాములు ఉంటుంది. గ్లూకోజ్ పౌడర్ కూడా ఓఆర్ఎస్ కాదు, అందులో ఉప్పు చాలినంత ఉండదు.

ఈ పొడి విలువ లోకానికి గట్టిగా తెలిసింది శరణార్థుల మధ్య. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులు బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్‌లో కలరాతో చనిపోతుంటే, సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల ఇంటివాళ్ల చేతనే గ్లాసులతో పట్టించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు ఆ చికిత్స తీసుకున్నవాళ్లలో 3.6 శాతానికి పడిపోయాయి. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. నన్ను కదిలించేది ఆ గ్లాసులు పట్టుకున్న చేతులు. వాళ్లెవరూ నర్సులు కారు, పక్కన కూర్చున్న అమ్మలు, అక్కలు, అన్నలు.

కలపడం

ఇక్కడ నేను తప్పు చేశాను, ఇంకెవరూ చేయకూడదని వివరంగా రాస్తున్నాను. లీటరు ప్యాకెట్ చించి, గ్లాసు నీళ్లలో చెంచాడు పొడి వేసి, మిగతాది మడిచి రబ్బరు బ్యాండు వేశాను. మళ్లీ అడిగినప్పుడు ఇంకో చెంచా. పొడి లోపల అన్నీ సమానంగా కలిసి ఉండవు, ఒక చెంచాలో ఉప్పు ఎక్కువ రావచ్చు, ఇంకో చెంచాలో చక్కెర. పైగా గ్లాసు నీళ్లకు ఎంత పొడో అంచనాతో తేలదు. చిక్కగా కలిస్తే బిడ్డ ఒంట్లో ఉప్పు పెరిగిపోయి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. పల్చగా కలిస్తే పనిచేయదు.

సరైన పద్ధతి: ప్యాకెట్ మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్లలో. సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ లీటరుకి. 4 గ్రాముల పైచిలుకు ఉండే చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకి. నీళ్లు కాచి చల్లార్చాలి. కొలవడానికి లీటరు వాటర్ బాటిల్ ఉంటే చాలు. చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన స్టీలు గిన్నెలో లీటరు నీళ్లు పోసి, పొడి మొత్తం వేసి, కరిగేదాకా కలిపి, మూత పెట్టండి. ఒక చుక్క రుచి చూడండి. కన్నీళ్లంత ఉప్పగా ఉండాలి, అంతకు మించకూడదు. కలిపాక మళ్లీ వేడి చేయకూడదు. పాలు, పళ్లరసం, తేనె, అదనంగా పంచదార ఏవీ కలపొద్దు. కలిపిన టైము గిన్నె మూత మీద రాసి పెట్టుకుని 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. బిడ్డ ఒక్కడే తాగుతుంటే చిన్న ప్యాకెట్లే మేలు, వృథా ఉండదు.

ప్యాకెట్ దొరకని రాత్రి ఉంటుంది. అప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన చిన్న చెంచాలు ఆరు పంచదార, అదే చెంచాతో తలకొట్టి అర చెంచా ఉప్పు. ఉప్పు కొలత దాటకూడదు. ప్యాకెట్ చేతికి వచ్చేదాకా నడిపే ఏర్పాటు మాత్రమే ఇది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆశా కార్యకర్తల దగ్గర ఓఆర్ఎస్ ఉచితంగా ఇస్తారు, కాబట్టి తెల్లారగానే తెప్పించుకోండి.

పట్టడం: ఇదే అసలు పని

ఎంత? విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్లు దాటిన పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు. వాళ్లు ఇంకా అడిగితే ఇంకా. నీరు తగ్గిన గుర్తులు అప్పటికే కనిపిస్తే బిడ్డ బరువులో ప్రతి కిలోకి 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో పట్టాలి. ఇది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో (పీహెచ్‌సీ), డాక్టరు దగ్గరో వాళ్ల కళ్లముందు చేయడం మంచిది. దారిలో మాత్రం ఆగకుండా పడుతూనే వెళ్లండి.

ఈ లెక్క చూసి భయపడకండి. 8 కిలోల బిడ్డకు 75 చొప్పున 600 మిల్లీలీటర్లు. వినగానే అమ్మో అనిపిస్తుంది. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. అంటే నిమిషానికి రెండున్నర మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్ల చిన్న స్పూనుతో రెండు నిమిషాలకి ఒక స్పూను. అంతే. ఆ రాత్రి ఏఎన్ఎం గారు గోడ గడియారం కింద నన్ను కూర్చోబెట్టి చేయించింది ఇదే. బాబు తల నా మోచేతి మీద కొంచెం ఎత్తులో, ఎడమ పక్కన స్టీలు గ్లాసు, మెడ కింద తుండుగుడ్డ. సెకన్ల ముల్లు రెండు చుట్లు తిరగ్గానే ఒక స్పూను, పెదవి మూలగా. క్యాలెండరు వెనక పెన్సిలుతో గీత. పది గీతలకి ఒక అడ్డగీత, అంటే 50 మిల్లీలీటర్లు. మూత్రం పోస్తే చుక్క. విరేచనమైతే సున్నా. తెల్లవారుజామున మూడున్నరకి మొదటి చుక్క పెట్టాను. ఆ చుక్క పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది.

ఇంట్లో ఉగ్గుగిన్నె ఉంటే బయటికి తీయండి. దాని ముక్కు ఈ పనికే చేసినట్టు ఉంటుంది. వేడినీళ్లలో మరిగించి వాడండి. పాలసీసాలో మాత్రం పోయవద్దు. సీసా, దాని రబ్బరు పాలపీక శుభ్రం చేయడం కష్టం, పైగా దాహంతో ఉన్న బిడ్డ గబగబా లాగేసి మొత్తం కక్కేస్తాడు.

వాంతి అయితే ఏం చేయాలి? చాలామంది ఇక్కడ చేతులెత్తేస్తారు, "లోపల నిలవడం లేదు, సెలైన్ పెట్టించేద్దాం" అంటారు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగండి. మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఇంకా నెమ్మదిగా, రెండు మూడు నిమిషాలకి ఒక స్పూను. వాంతి అయినా మొత్తం బయటికి రాదు, కొంత లోపల ఉండిపోతుంది. చాలామంది పిల్లలకు నీరు పుంజుకుంటున్నకొద్దీ వాంతులూ తగ్గుతాయి. వాంతుల మందు కావాలా వద్దా డాక్టరు చెప్పాలి. బిడ్డ కనురెప్పలు ఉబ్బినట్టు కనిపిస్తే నీరు సరిపోయిందని, ఓఆర్ఎస్ ఆపి తల్లిపాలు, ఆరు నెలలు దాటిన బిడ్డకైతే మంచినీళ్లూ ఇవ్వండి.

ఒక్కరే చేయకండి. ఇద్దరు, ముగ్గురు వంతులు వేసుకోండి. నాన్నలు, బాబాయిలు, తాతయ్యలు స్పూను బాగానే పట్టగలరు.

జింక్: అందరూ మధ్యలో వదిలేసే మందు

రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకి 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, రోజుకి ఒక్కసారి, 14 రోజులు. 20 మిల్లీగ్రాముల బిళ్ల దొరుకుతుంది. చిన్న బిడ్డకు సగం బిళ్లను చెంచా తల్లిపాలలో, పెద్ద బిడ్డకు పూర్తి బిళ్లను చెంచా కాచిన నీళ్లలో కరిగించి పట్టండి. లోహపు రుచి ఉంటుంది, బిడ్డ మొహం చిట్లిస్తాడు. మింగిన అరగంటలో కక్కేస్తే ఇంకోసారి ఇవ్వాలి.

విరేచనాలు నాలుగో రోజుకే తగ్గిపోతే జింక్ ఆపేస్తాం, అది పొరపాటు. ఇప్పటి విరేచనం తొందరగా తగ్గడంతో పాటు, తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ వచ్చే అవకాశం తగ్గాలంటే ఆ మిగిలిన రోజులూ ఇవ్వాలి.

తిండి

లంఖణం పెద్దవాళ్ల అజీర్తికి పనికొస్తుందేమో, పసిబిడ్డ విరేచనాలకు కాదు. దెబ్బతిన్న పేగు లోపలి పొర మళ్లీ కట్టుకోవాలంటే దానికి తిండి కావాలి. కడుపు మాడిస్తే జబ్బు తగ్గేసరికి బిడ్డ బక్కచిక్కి, తర్వాతి జబ్బుకి తేలిగ్గా దొరికిపోతాడు.

తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపొద్దు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తగా మెదిపిన పెరుగన్నం, పెసరపప్పు కట్టు కలిపిన అన్నం, ఇడ్లీ, ఉడికించిన బంగాళాదుంప, అరటిపండు. గుడ్డు తినే అలవాటుంటే అదీ పెట్టొచ్చు. ముద్దలో ఒక చెంచా నూనె గానీ నెయ్యి గానీ వేయండి, కొంచెం తిన్నా బలం అందుతుంది. మూడు నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెం. ఉత్త సగ్గుబియ్యం జావ మీదే మూడు రోజులు ఉంచడం చాలా ఇళ్లల్లో చూస్తుంటాను. అందులో పిండిపదార్థం తప్ప పెద్దగా ఏమీ లేదు, పక్కన పప్పో పెరుగో ఉండాలి.

ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ మంచివే. కొబ్బరినీళ్లూ ఇవ్వొచ్చు, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కొబ్బరి బోండం పక్కన ఓఆర్ఎస్ కూడా ఉండాలి.

జబ్బు తగ్గాక రెండు వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా పెట్టండి. బరువు అప్పుడే తిరిగి వస్తుంది.

ఇవ్వకూడనివి

పెద్దవాళ్లు వేసుకునే విరేచనాలు ఆపే బిళ్ల, లోపెరమైడ్, పసిపిల్లలకు ప్రమాదం. అది పేగు కదలికను ఆపేస్తుంది. నీరు, క్రిములు లోపలే ఉండిపోతాయి, పొట్ట ఉబ్బుతుంది. బయటికి కనపడదు కాబట్టి తగ్గిందనుకుంటాం. షాపువాళ్లు ఇచ్చినా తీసుకోవద్దు.

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. విరేచనంలో రక్తం ఉన్నప్పుడు, కలరా అనుమానం ఉన్నప్పుడు డాక్టరే రాస్తారు. ఇంట్లో మిగిలిన సిరప్ సీసా తీసి పట్టడం, "ఏదో ఒక సూది వెయ్యండి డాక్టరు గారూ" అని బతిమాలడం, రెండూ మానుకోవాలి. సూది వేయకుండా ఓఆర్ఎస్, జింక్ మాత్రమే రాసి పంపిన డాక్టరు మీ బిడ్డకు సరైన వైద్యమే చేశారు.

ఎప్పుడు పరుగెత్తాలి

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రి అయినా సరే, 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో బయల్దేరండి.

- మత్తుగా పడుకుని లేపినా లేవకపోవడం, తాగలేకపోవడం
- ఫిట్స్
- విరేచనంలో రక్తం
- ఆకుపచ్చటి పసరు వాంతి, పొట్ట గట్టిగా ఉబ్బడం
- ఏది పట్టినా మొత్తం కక్కేయడం
- చర్మం మడత రెండు సెకన్లు దాటినా నిలవడం, చేతులు కాళ్లు చల్లబడటం
- ఆరు గంటలు దాటినా మూత్రం లేకపోవడం
- తగ్గని జ్వరం, వేగంగా ఊపిరి తీయడం

వెళ్లేటప్పుడు మీరు గీతలు గీసిన కాగితం తీసుకెళ్లండి. ఎన్నిసార్లు అయ్యాయి, ఎంత పట్టారు, చివరిసారి మూత్రం ఎప్పుడు, డాక్టరు మొదట అడిగేవి ఇవే. దారి పొడవునా స్పూను ఆపొద్దు, బిడ్డ మింగగలిగినంతసేపు. విరేచనాలు 14 రోజులు దాటితే బిడ్డ బాగానే కనిపించినా డాక్టరుకు చూపించాలి, అది వేరే రకం జబ్బు.

మళ్లీ రాకుండా

పిల్లల విరేచనాల్లో అత్యంత ఉధృతంగా వచ్చేది రోటావైరస్ వల్ల. దీనికి నోటి చుక్కల టీకా ఉంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ 2015లో విడుదలైంది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి రోటా టీకా వచ్చినప్పుడు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పుడు ప్రభుత్వ కేంద్రాల్లో 6, 10, 14 వారాలకు ఉచితంగా వేస్తారు. టీకా కార్డు తీసి మూడు డోసులూ పడ్డాయో లేదో చూసుకోండి. కాన్పుకి పుట్టింటికి వెళ్లి రావడంలో ఒక డోసు జారిపోవడం మామూలుగా జరిగేదే.

మిగతాది చేతుల్లో ఉంది. బిడ్డ ముడ్డి కడిగాక, మీరు మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, వంటకి ముందు, ముద్ద పెట్టే ముందు సబ్బుతో కడగాలి. పసిబిడ్డ విరేచనం అంటదని, శుభ్రమేనని అనుకుంటాం. అది కూడా మరుగుదొడ్డిలోనే పడాలి, పెరట్లో కాదు. ఇరవై లీటర్ల క్యాను నీళ్లు వాడే ఇళ్లల్లో నీళ్లు శుభ్రమే అయినా, బిందెలోకి వంచి చెయ్యి ముంచి గ్లాసుతో తీస్తే మొత్తం పాడవుతుంది. పొడవాటి కాడ ఉన్న గరిటె గానీ, కొళాయి ఉన్న బిందె గానీ పెట్టుకోండి. ఆరు నెలల దాకా తల్లిపాలు, జబ్బు చేస్తే పట్టే ఓఆర్ఎస్, మందులు తప్ప మంచినీళ్లు, తేనె, చక్కెర నీళ్లు ఏవీ వద్దు.

అమెరికా నుంచో, గల్ఫ్ నుంచో సెలవులకి పిల్లలతో వచ్చేవాళ్లకి ఒక మాట. మొదటి వారంలోనే పెళ్లి భోజనాలు, బయటి నీళ్లు, పానీపూరీ కలిసివచ్చి పిల్లలు పడిపోవడం చాలాసార్లు చూశాను. దిగిన రోజే నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక జింక్ స్ట్రిప్ కొని బ్యాగులో వేసుకోండి, ఊళ్లో ఆదివారం రాత్రి షాపు తెరిచి ఉండదు.

మా ఇంట్లో దేవుడి గూడు పక్కనున్న షెల్ఫులో ఒక స్టీలు డబ్బా ఉంటుంది. అందులో చిన్న ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు, జింక్ బిళ్లలు 14, ఒక 5 మిల్లీలీటర్ల స్పూను, ఒక పెన్సిలు. ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు, దసరాకి ఇంకోసారి, ప్యాకెట్ల మీద గడువు తేదీ చూసి మారుస్తాను.